ఎవరిదీ కాని ప్రశ్న

"తాళం నిజంగా పగిలిందంటారా సార్?"

సోమవారం ఉమ్మడి క్లాసు అయిపోవచ్చింది. సంచుల జిప్పులు లాగుతున్న చప్పుడు అప్పుడే మొదలైంది. సరిగ్గా ఆ వేళకి అడిగింది తోక.

క్లాసులో ఆ అమ్మాయిని అందరూ పిలిచే పేరు అదే. చర్చ ముగిసింది, బతికాం అని అందరూ ఊపిరి పీల్చుకునే సమయానికి దానికో తోక తగిలిస్తుంది కాబట్టి. కోతలయ్యాక పొలంలో వంగి పరిగె ఏరుకునేవాళ్ళు ఉంటారు చూడండి, అలాగ అందరూ మాట్లాడి వదిలేసిన చోట ఆమెకి ఏదో ఒకటి దొరుకుతుంది. మొదట్లో ఆ పేరుకి ఉడుక్కునేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఒక క్షణం ఆగి గానీ పలకదు.

ఆ కోర్సుకి కాగితం మీద బారెడు పేరుంది. మిగతా విభాగాల వాళ్ళు దాన్ని కలగూరగంప అంటారు. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం మూడూ మొదటి ఏడాది పిల్లలకి కలిపి చెప్పాలని, గోడలు లేని చదువు కావాలని పెద్దలెవరో కూర్చుని ఆలోచించి పెట్టారు. ఈ అర్ధసంవత్సరానికి వాళ్ళకిచ్చిన విషయం ఒక్కటే. ఎప్పుడో కరువు కాలంలో ఒక పట్నంలోని ఆడవాళ్ళు తెల్లవారకముందే వర్తకుడి ధాన్యం కొట్టులో జొరబడ్డారు. దోచుకుపోలేదు, కొలిచి ఇంటింటికీ పంచారు. ఆ సంగతి మీద నేటికి మిగిలినవి మూడు. విచారణలో రాసుకున్న వాంగ్మూలాలు. జనం పాడుకున్న పాట. ఆ కాలపు పండితుడొకాయన 'ఆకలి తాళం పగలగొట్టవచ్చునా' అని రాసిన వ్యాసం. వాంగ్మూలాలు చరిత్ర సారు చెబుతారు. పాట సాహిత్యం మేడమ్‌ది. వ్యాసం తత్వం సారు సొంత ఆస్తి. ఆయన దాన్ని ఈ పిల్లలు పుట్టకముందు నుంచీ చెబుతున్నారు, వాళ్ళు పెద్దవాళ్ళయ్యాకా చెబుతున్నారు.

"పగలకపోతే విచారణ దేనికి జరుగుతుందమ్మా?" అన్నారు చరిత్ర సారు, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ. "ఒక్కొక్కళ్ళూ నేనే పగలగొట్టానని ఒప్పుకున్నారు కదా. ఆ తెగువ చూడు!"

"ఒప్పుకున్నారు సార్. కానీ పాటలో తాళం జాలిపడిందని ఉంది. గాజులు మోగాయని ఉంది."

"పాట సంగతి మేడమ్‌ని అడగాలి. పాటల్లో కొండలు కూడా ఏడుస్తాయి."

సాహిత్యం మేడమ్ చేతిలో కాగితం మీద పాట ఉంది. ఆవిడకి చూడాల్సిన అవసరం లేదు.

"తాళం జాలిపడ్డదమ్మా, తలుపు తానె తెరిచిందమ్మా
గాజుల సవ్వడే గాని మనిషి జాడ లేదమ్మా"

అని మెల్లగా చదివి, "ఇది అలంకారం తల్లీ. ఇనుముకి కూడా మనసు కరిగిందని కవి భావన. ఎంత గొప్ప ఊహ! నిజంగా పగిలిందా లేదా అంటావా, అది జరిగిన విషయం. సారు చెప్పాలి," అన్నారు.

తోక మెడ తిప్పి మూడో మనిషి వైపు చూసింది.

"మన వాదానికి పగిలిందనే అనుకుందాం," అన్నారు తత్వం సారు, వ్యాసాన్ని సంచిలో పెట్టుకుంటూ. "పగలకపోతే నా వ్యాసమే లేదు. వ్యాసం లేకపోతే నేనూ లేను."

క్లాసంతా నవ్వింది. ఆ ప్రశ్న బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఎవరూ దించుకోని మూటలా మళ్ళీ ఆమె ఒళ్ళోకే వచ్చి పడింది.

"క్యాంటీన్లో బెంచీలు నిండిపోతాయే తల్లీ, కదులు," అన్నాడు పక్కనున్న మైకు. వాడి పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. వాడు గుసగుసలాడినా వరండా చివరిదాకా వినిపిస్తుంది.

మర్నాడు పెద్ద మేడమ్ కబురు పెట్టారు. కలగూరగంప మొత్తాన్ని నెత్తిన మోసే మనిషి ఆవిడ. తోక వెళ్ళేసరికి కాగితాల దొంతరకి చిల్లులు వేస్తున్నారు. మీట నొక్కినప్పుడల్లా తెల్లటి బిళ్ళలు బల్ల మీద రాలుతున్నాయి. వాటిని అరచేత్తో ఒక పక్కకి నెట్టి, "కూర్చో," అన్నారు.

కూర్చుంది.

"నువ్వు క్లాసులో నోరు విప్పవటగా?"

"నేనా మేడమ్?" అంది తోక.

"మాటకి మార్కులుంటాయని తెలుసు కదా? చర్చలో పాల్గొన్నందుకు ముగ్గురూ ఎవరికి వాళ్ళు వేస్తారు. ముగ్గురి దగ్గరా నీకు సున్నా కూడా లేదు. ఖాళీ."

"ప్రతి ఉమ్మడి క్లాసులోనూ అడుగుతూనే ఉన్నాను మేడమ్. అందరూ నా మీద విసుక్కునేదే అందుకు."

పెద్ద మేడమ్ చిల్లుల మిషను పక్కన పెట్టారు. ఆవిడ ముఖంలో కోపం లేదు. ఇంట్లో కుళాయి ఎందుకు కారుతోందో తెలిసీ బాగుచేసే మనిషి దొరకని ఇల్లాలి ముఖంలా ఉంది.

"నేనూ అదే అనుకుని ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాను. చరిత్ర ఆయన, మంచి ప్రశ్నలే వేస్తుందండీ, కాకపోతే అన్నీ పాటలోకి పోతాయి, మేడమ్ వేసి ఉంటారనుకున్నా అన్నారు. ఆవిడేమో, ఆ అమ్మాయి ఎప్పుడూ జరిగిందా జరగలేదా అంటుంది, అది చరిత్ర కదా అంది. తత్వం ఆయన, వాళ్ళిద్దరూ వేసేసి ఉంటారు, నేనూ వేస్తే పిల్లకి తల తిరుగుతుందని ఆగానన్నారు."

తోకకి నవ్వొచ్చింది.

"అయితే ఇప్పుడు వెయ్యమనండి మేడమ్."

"దేనికి వెయ్యాలి? ఎప్పుడో అడిగినవి ఎవరికి గుర్తుంటాయి? నిబంధన ఏమిటంటే, అర్ధసంవత్సరానికి మాట మార్కులు లేనివాళ్ళు ఏదో ఒక సబ్జెక్టు సెక్షనుకి మారిపోవాలి. శుక్రవారం మౌఖిక పరీక్ష ఉంది. ముగ్గురూ వేరువేరు బల్లల దగ్గర కూర్చుంటారు. నువ్వు ఒక బల్ల ఎంచుకో, వాళ్ళ సబ్జెక్టులోనే మాట్లాడు, వాళ్ళు వేసిన మార్కే నీకు దిక్కు. పక్క చేలో కాలు పెట్టకు. పెట్టావా, మళ్ళీ మాది కాదంటారు."

"మార్కు రాకపోతే?"

"వేరే సెక్షను. అదేం ఉరిశిక్ష కాదుగా? అక్కడా చదువే."

మళ్ళీ మిషను నొక్కారు. ఆ చప్పుడుతోటే తోక లేచింది.

ఇంట్లో అమ్మ కిటికీ తెరలు కుడుతోంది. పెద్ద గుడ్డ కాబట్టి మిషను మీంచి జారి నేల మీద పడి మాసిపోకుండా ఎవరో ఒకరు అవతల నుంచి పట్టుకోవాలి. కాలేజీ నుంచి రాగానే తోకకి ఆ పని. రెండు చేతుల మీద గుడ్డ ఆనించుకుని, అమ్మ లాగినకొద్దీ వదులుతూ, జరిగింది చెప్పింది. పక్కన నాన్నమ్మ కుట్లు పూర్తయిన తెరల దారపు కొసలు కత్తిరిస్తోంది.

"మాట్లాడలేదని తీసేస్తారా?" అంది నాన్నమ్మ, కత్తెర గాల్లో ఆపి. "దీన్నా? మనింటికొచ్చి ఒక్క పూట కూచోమనవే వాళ్ళని! చెవుల్లో దూది పెట్టుకుని పారిపోతారు."

"నువ్వుండు అత్తయ్యా." అమ్మ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపింది. "పోనీలేవే. ఒక్కటే సబ్జెక్టయితే ఒక్కదాని మీదే మనసు పెట్టొచ్చు. మూడింటి మధ్య నలిగిపోవడం ఎందుకు? ఇంతకీ ఏం పోతుంది?"

తోక గుడ్డ అంచు వేళ్ళతో సరిచేసింది.

"బడిలో చదివినన్నాళ్ళూ ఏదడిగినా, అది ఈ పాఠంలోది కాదు కూచో అనేవాళ్ళమ్మా. ఇక్కడ మొదటిరోజు, ఏదైనా అడగొచ్చు అన్నారు. నేను నమ్మేశాను."

అమ్మ సూది కింద గుడ్డ సర్దింది.

లోపల్నుంచి నాన్న వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. గోళ్ళ సందుల్లో గ్రీజు ఎంత రుద్దినా పోదు. "మా దగ్గరా అంతే. మోటారు ఒకడిది, వైర్లు ఒకడివి, తలుపులు ఇంకొకడివి. ఎవడి పని వాడిది. మధ్యలో వేలు పెడితే ఊరుకోరు," అన్నాడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

"మరి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే ఎవరిది నాన్నా?"

"అప్పుడా? నాది కాదంటే నాది కాదని ముగ్గురం తన్నుకుంటాం. లోపలున్నవాడు తలుపు బాదుతూ ఉంటాడు."

నాన్నమ్మ పడీపడీ నవ్వింది. తోక మాత్రం నవ్వలేదు.

"అది సరే గానీ," అంది నాన్నమ్మ కళ్ళు తుడుచుకుని, "ఆ ఆడాళ్ళు మట్టిలో కలిసి ఎన్ని తరాలయిందో. ఆ తాళంతో ఇప్పుడు నీకేం పనే?"

"తాళం దానంతటది జాలిపడదు కదా నాన్నమ్మా. జాలిపడ్డది ఎవరో మనిషి. ఆ మనిషి సంగతి ఎవరూ అడగట్లేదు."

"అడిగి?"

"తెలుసుకుందామని."

"ఇది మారదమ్మా," అని నాన్నమ్మ మళ్ళీ దారాల్లో పడింది. అమ్మ మిషను తొక్కింది. తోక చేతుల మీంచి గుడ్డ మెల్లగా జారుతూ పోయింది.

బుధవారమంతా తోక మూడు కాగితాల కట్టలూ ముందేసుకుని కూర్చుంది. ఏ బల్ల? వాంగ్మూలాలు తీసుకుంటే పాట ఊసెత్తకూడదు. పాట తీసుకుంటే నిజమా అబద్ధమా అనకూడదు. వ్యాసం తీసుకుంటే తాళం పగిలిందని ముందే ఒప్పేసుకుని మొదలుపెట్టాలి. ఒక్కోదాన్నీ విడిగా చదివితే అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఎక్కడా గింజంత అనుమానం రాదు. పక్కపక్కన పెడితేనే గుచ్చుకుంటున్నాయి.

గురువారం మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద మైకు కూలబడి తన ప్రసంగం బట్టీ పడుతున్నాడు. వాడు తత్వం సారు బల్ల ఎంచుకున్నాడు.

"పాట తీసుకోవే," అన్నాడు చూడగానే. "రెండు చరణాలు చదివి గొంతు కాస్త వణికించావంటే మేడమ్ కళ్ళు చెమరుస్తాయి. మార్కులు చేతిలో పెడతారు. ఆ తర్వాత నీ తాళం, నీ గోల, నీ ఇష్టం."

"ముందు నాకొక సాయం చెయ్యి. వాంగ్మూలాలు పైకి చదువుదాం. నువ్వు న్యాయాధికారివి, వర్తకుడివి. నేను ఆడవాళ్ళని."

"అందరు ఆడవాళ్ళూ నువ్వేనా?"

"గొంతు మార్చి చెబుతాలే."

మైకుకి పైకి చదవమంటే పండగే. వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "తాళం ఎవరు పగలగొట్టారు?"

"నేనే."

"దేనితో?"

"రోకలితో."

"నువ్వు చెప్పు. తాళం ఎవరు పగలగొట్టారు?"

"నేనే. రాయితో."

"నువ్వు?"

"నేనే. గొడ్డలితో. ఇంకెవరి చెయ్యీ పడలేదు."

"ఇదేమిటే?" మైకు కాగితం దించాడు. "ఒక్క తాళాన్ని ఇంతమంది ఇన్నిటితో కొట్టారా? కళ్ళతో చదివినప్పుడు ఎంత బాగుందో. పైకి చదివితే నవ్వొస్తోంది."

"చదువు. వర్తకుడిది."

మైకు పొట్ట ముందుకు పెట్టి వర్తకుడయ్యాడు. "అయ్యా, నా కొట్టుకి కాపలాదారున్నాడు. పెళ్ళాంతో సహా ప్రహరీ లోపలే కాపురం ఉంటాడు. ఆ రాత్రి నా పని మీద నేనే వాణ్ణి పొరుగూరు పంపాను. చీకటి పడగానే ఎప్పటిలాగే ప్రహరీ పెద్ద తలుపు మూసి, లోపలి నుంచి తాళం వేసి ఉన్నది. పొద్దున వచ్చి చూస్తే తాళం పగిలినదని అతని భార్య ఏడ్చినది. నా ధాన్యం, నా తాళం, చిరిగిన నా గోనె సంచులు..."

అక్కడ వాడి గొంతు ఆగింది. వాడి గొంతు ఆగడం తోక ఎప్పుడూ చూడలేదు.

"లోపల్నుంచి తాళం," అన్నాడు. ఈసారి వరండాకి వినపడలేదు. "లోపల వేలాడుతున్న తాళాన్ని బయట నిలబడి రోకలితో ఎలా కొడతారే?"

తోక చేతిలో పాట కాగితం ఉంది. వేలు ఆ రెండో పాదం మీద ఉంది. గాజుల సవ్వడే గాని మనిషి జాడ లేదమ్మా. ఇద్దరూ దాని వంకే చూశారు.

"ఒసే తోకా," అన్నాడు మైకు. "ఇది ఏ బల్ల దగ్గర చెబుతావే?"

"అదే తెలియట్లేదు."

"ఏ ఒక్క చోట చెప్పినా సగమే. మిగతా సగం నాది కాదంటారు. నీ మంచికే చెబుతున్నా, రేపటికి పాట పాడి మార్కులు తెచ్చుకో. సీటు మిగిలితే తాళం సంగతి తర్వాత చూసుకోవచ్చు."

అది తెలివైన సలహానే. తోకకి ఆ సంగతి తెలుసు కాబట్టే ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా దాని మీద కోపం రాలేదు.

శుక్రవారం గది రూపే మారిపోయింది. రోజూ ఒక్క పొడుగు బల్లగా ఉండేది, మూడు ముక్కలై మూడు మూలలకి పోయింది. ఒక్కో బల్ల వెనక ఒక్కొక్కరు, ముందు ఒక ఖాళీ కుర్చీ. పిల్లలంతా గోడ వారన వరసగా కూర్చున్నారు. పెద్ద మేడమ్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పేర్లు పిలుస్తున్నారు. పిలిచినవాళ్ళు లేచి తాము ఎంచుకున్న బల్ల దగ్గరికి వెళ్ళి, మాట్లాడి, చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటున్నారు. మైకు తత్వం సారు ముందు కూర్చుని, పగిలిన తాళం మీద గదంతా మారుమోగేలా మాట్లాడాడు. సారు తల ఊపుతూ విన్నారు. తిరిగి వస్తూ మైకు తోక కళ్ళలోకి చూడలేకపోయాడు.

తోక వంతు వచ్చింది.

"ఏ బల్ల?" అన్నారు పెద్ద మేడమ్.

తోక గది మధ్య నిలబడింది. సాహిత్యం మేడమ్ ఆమెను చూసి చిన్నగా నవ్వి, కుర్చీ వైపు చెయ్యి చూపించారు. రెండడుగులు వేస్తే చాలు. కూర్చుని పాట అందుకుంటే చాలు. ఆ రెండడుగులూ వేసింది కూడా. కుర్చీ వెనక్కి లాగి, కూర్చోకుండా దాన్ని గోడ వారకి జరిపేసింది. వంగి బల్ల అంచు పట్టుకుంది.

"మేడమ్, కొంచెం లేస్తారా?"

"ఎందుకమ్మా?"

"దీన్ని అటు జరపాలి."

ఒంటరిగా లాగితే బల్ల మూలిగి అడుగు దూరం జరిగింది. గోడ వారన ఎవరో కిసుక్కున నవ్వారు. మరుక్షణం అవతలి అంచు గాల్లోకి లేచింది. చూస్తే మైకు. "ఎత్తు, ఎత్తు, నేల గీసుకుపోతుంది," అంటున్నాడు.

ఇద్దరూ కలిసి సాహిత్యం మేడమ్ బల్లని తెచ్చి చరిత్ర సారు బల్లకి ఆనించారు. ఆయన మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆ రెంటినీ తోసుకుంటూ తత్వం సారు దగ్గరికి వచ్చేసరికి ఆయన వ్యాసాన్ని గుండెకి హత్తుకుని, "ఏమిటిది? భూకంపమా?" అన్నారు.

"నా ప్రశ్న ఒక బల్ల మీద పట్టట్లేదు సార్," అంది తోక. రొప్పుతోంది.

పెద్ద మేడమ్ లేచి వచ్చారు. గదిలో నవ్వులు ఆగిపోయాయి. "నీకు వివరంగా చెప్పాను. మార్కు ఒక్కరే వెయ్యాలి. వీళ్ళు ముగ్గురూ మళ్ళీ మాది కాదంటే నీ గతేమిటో తెలుసా?"

"తెలుసు మేడమ్. వెళ్ళిపోతాను. కానీ సగం చెప్పి ఉండిపోలేను."

పెద్ద మేడమ్ తన కుర్చీ తెచ్చుకుని ఆ బల్లకే ఒక పక్కన వేసుకుని కూర్చున్నారు. "ఊఁ. కానీ."

తోక కూర్చోలేదు. ముందు చరిత్ర సారు వైపు తిరిగింది.

"సార్, తలుపుకి తాళం ఎటువైపు ఉంది?"

"ఎటువైపేమిటి?" అంటూనే ఆయన చెయ్యి వాంగ్మూలాల మీదికి పోయింది. ఆ పుట ఆయన వేళ్ళకి కంఠతా వచ్చు. చదివారు. కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివారు. "లోపల," అన్నారు. "లోపలి నుంచి తాళం వేసి ఉన్నది."

"ఆడవాళ్ళు?"

"బయట." ఆయన గొంతు మారింది. "కానీ తలుపు విరగ్గొట్టుకుని లోపలికి పోయి, తర్వాత..."

"తలుపు విరిగి ఉంటే ఆ వర్తకుడు తలుపు ఖరీదు అడక్కుండా వదిలేవాడా సార్? గోనె సంచులు చిరిగినందుకు కూడా పరిహారం అడిగిన మనిషి."

గోడ వారన ఎవరో ఈల వెయ్యబోయి మానుకున్నారు.

"మరి రోకలి, రాయి, గొడ్డలి?" అన్నారు చరిత్ర సారు. అది పరీక్ష పెట్టేవాడి గొంతు కాదు, తప్పిపోయిన వస్తువు కోసం ఇల్లంతా వెతుక్కునే మనిషి గొంతు.

"వాళ్ళు కూడబలుక్కోలేదు సార్. ఒక్క విషయంలోనే అందరిదీ ఒక్క మాట. ఆమె పేరు చెప్పకూడదు. మిగతాది ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేశారు. అందుకే అందరూ నేనే అన్నారు."

"ఎవరి పేరు?" అన్నారు తత్వం సారు.

తోక సాహిత్యం మేడమ్ వైపు తిరిగింది. "మేడమ్, ఆ రాత్రి ప్రహరీ లోపల గాజులున్న చెయ్యి ఎవరిది?"

మేడమ్ పాట కాగితం అందుకోలేదు. పెదవులు మాత్రం కదిలాయి. తలుపు తానె తెరిచిందమ్మా. గాజుల సవ్వడే గాని. ఇన్నేళ్ళుగా తను ఊహ అని చెప్పిన చోట ఒక మనిషి నిలబడి ఉంది.

"కాపలావాడి పెళ్ళాం," అన్నారు మెల్లగా. "మనిషి జాడ లేదమ్మా అంటే... ఆమె జాడ బయటపడకుండా దాచారు. తమకి తెలిసిన విషయమే పాడుకున్నారు, తెలియనివాళ్ళకి అలంకారంలా వినిపించేలాగ. నేను తెలియనిదాన్లాగే విన్నాను."

తోక ఇంకా నిలబడే ఉంది. బల్ల అంచు పట్టుకుంది.

"ఇక మీరే మిగిలారు సార్," అంది తత్వం సారుతో.

"నేనేం మిగిలానమ్మా," అన్నారాయన. వ్యాసం ఇంకా గుండెకే ఉంది. "పగలని తాళం మీద ఇన్నేళ్ళూ పాఠం చెప్పుకుంటూ వచ్చాను."

"మీ వ్యాసంలోనే ఉంది సార్. తెరిచిన తలుపులోంచి పోయి తీసుకుంటే చిన్న శిక్ష, పగలగొట్టి తీసుకుంటే పెద్ద శిక్ష. అది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన చట్టం అని ఆ పండితుడే రాశాడు. తెలిసీ వాళ్ళు పెద్ద శిక్ష కోరి నెత్తిన వేసుకున్నారు. ఆకలి తాళం పగలగొట్టవచ్చునా అన్నది కాదేమో సార్ అసలు ప్రశ్న. తలుపు తీసిన మనిషి కోసం అందరూ కలిసి అబద్ధం చెప్పవచ్చునా అనేమో."

"చెప్పవచ్చునా?" అన్నారు తత్వం సారు.

"నాకు తెలీదు సార్. అదే మిమ్మల్ని అడుగుదామని."

తత్వం సారు వ్యాసాన్ని బల్ల మీద పెట్టారు. పెట్టి, దాన్ని రెండు వేళ్ళతో పాట పక్కకి జరిపారు. చాలాసేపు రెంటినీ మార్చి మార్చి చూశారు.

ముందు తేరుకున్నది చరిత్ర సారు. జేబులోంచి పెన్ను తీశారు. "మేడమ్ గారూ, ఆ మార్కుల కాగితం ఇలా ఇవ్వండి. ఇది వాంగ్మూలాన్ని చదవాల్సిన పద్ధతిలో చదవడం. అచ్చమైన చరిత్ర. మార్కు నేను వేస్తాను."

"మీరా?" సాహిత్యం మేడమ్ ఆయన చేతికీ కాగితానికీ మధ్య తన చెయ్యి పెట్టారు. "పాట లేకపోతే ఆ తాళం ఎటుందో మీకు ఈ జన్మకి తట్టేదా? ఇది నా ప్రశ్న. మొదటిరోజు నుంచీ నా పాటలోంచే అడుగుతోంది ఆ పిల్ల."

"పాటల్లో కొండలు ఏడుస్తాయని మీరే..."

"ఆ మాటన్నది మీరు!"

"ఆగండి." తత్వం సారు కూడా పెన్ను మూత తీశారు. "పోయింది నా వ్యాసం. నష్టపోయినవాడికి ముందు హక్కు ఉంటుంది. నేను వేస్తాను."

పెద్ద మేడమ్ కాగితాన్ని ఒళ్ళోకి లాక్కున్నారు. ముగ్గురి వంకా చూశారు. ఆవిడ పెదవుల చివర అప్పటిదాకా ఎవరూ చూడని నవ్వొకటి పుట్టి, ముఖమంతా పాకింది.

"మొన్న ముగ్గురికీ అక్కర్లేని పిల్లండీ ఇది," అన్నారు. "ఇప్పుడు గుంజుకుంటున్నారు. ఒకరు వేస్తే మిగతా ఇద్దరూ నా ప్రాణం తోడేస్తారు. వరసగా వెయ్యండి. ముగ్గురూ."

ముగ్గురూ వేశారు. ఒకరు వేసింది ఇంకొకరు తొంగి చూసి, తనది దిద్ది కాస్త పెంచుకున్నారు కూడా.

"మేడమ్," అన్నాడు మైకు గోడ వారనుంచి. "మరి పగిలిన తాళం మీద నాకిందాక వేసిన మార్కులు?"

"ఉంచుకో నాయనా," అన్నారు తత్వం సారు. "అవి నా పాపానికి వేసినవి."

గది ఒక్కసారిగా గొల్లుమంది. ఆ నవ్వులో ఎవరో బల్ల మీద దరువు వేశారు, ఇంకొకరు అందుకున్నారు. తోక అప్పుడు కూర్చుంది, గోడ వారకి నెట్టేసిన కుర్చీ ఎవరో తెచ్చి వెనక పెడితే.

ఆ తర్వాతి సోమవారం క్లాసుకి ముగ్గురూ ఒకేసారి వచ్చారు. ఉమ్మడి క్లాసంటే అప్పటిదాకా ఒకరు చెబుతుంటే మిగతా ఇద్దరూ గడియారం చూసుకునేవారు. ఆ రోజు చరిత్ర సారు చేతిలో పాట ఉంది. పక్కన పెన్సిలుతో ఏవో గీతలు. సాహిత్యం మేడమ్ వాంగ్మూలాల కట్ట తెచ్చుకుని, రోకలి అన్నామె ఎవరో, రాయి అన్నామె ఎవరో వెతుకుతున్నారు. తత్వం సారు ఉత్త చేతులతో వచ్చి, పిల్లల మధ్య ఖాళీగా ఉన్న ఒక కుర్చీలో కూర్చున్నారు. అలా ఆయన ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి పక్కనున్న పిల్లలు కాస్త సర్దుకున్నారు.

"నాకు కొత్తగా చెప్పాలి," అన్నారాయన. "నేను తాళం పగిలిన కాణ్ణించి మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడెక్కణ్ణించి మొదలుపెట్టాలి?"

చరిత్ర సారు సాహిత్యం మేడమ్ వైపు చూశారు. ఆవిడ తోక వైపు చూశారు. వాళ్ళతోపాటు క్లాసంతా అటే తిరిగింది. ఈసారి ఎవరూ సంచి ముట్టుకోలేదు.

"తలుపు దగ్గర్నించి సార్," అంది తోక. "లోపలి వైపు నుంచి."